ఎండతో మంచినీళ్లు: పెట్టె కట్టాలా, ప్యానెల్ పెట్టాలా?

బోరులో ఉప్పునీళ్లు. పంచాయతీ కుళాయి రెండు రోజులకోసారి. మేడ మీద ఎండ మాత్రం ఏడాదిలో పది నెలలు ఉచితం. ఈ మూడూ కలిసిన ఇంట్లో ఎవరో ఒకరికి ఈ ఆలోచన తట్టక మానదు: ఆ ఎండతోనే ఈ నీళ్లను మంచినీళ్లుగా చేసుకోలేమా? చేసుకోవచ్చు. నౌపడ, చినగంజాం ఉప్పు మళ్లలో ఎండ చేస్తున్న పని ఇదే. అక్కడ ఉప్పును ఉంచుకుని ఆవిరిని వదిలేస్తారు. మనం ఆవిరిని పట్టుకుని ఉప్పును వదిలేస్తాం.

చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. ఒకరు ఉప్పునీళ్లను ఎండకు ఆవిరి చేసి, ఆ ఆవిరిని అద్దం మీద నీరుగా పట్టే అద్దాల పెట్టె కట్టుకోమంటారు. ఇంకొకరు సోలార్ ప్యానెల్ పెట్టి దానికి ఆర్వో యంత్రం తగిలించమంటారు. సోలార్ హీటర్లు అమ్మే ఆయన గాజు గొట్టాలు జోడిస్తే రెట్టింపు నీళ్లొస్తాయంటాడు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. రోజుకు ఎన్ని లీటర్లు కావాలని మాత్రం ముగ్గురిలో ఒక్కరూ అడగరు. నన్నడిగితే అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది అదే. ఐదు లీటర్లు కావలసిన ఇంటికి ఒక జవాబు, యాభై లీటర్లు కావలసిన హాస్టలుకు ఇంకో జవాబు.

## కొనకముందు తేల్చుకోవలసినవి

లీటర్లు. ఐదుగురున్న ఇంట్లో తాగడానికి పది పన్నెండు లీటర్లు, అన్నానికి, పప్పుకు, టీలకు మరో ఎనిమిది. మొత్తం ఒక ఇరవై లీటర్ల క్యాను. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు బోరు నీళ్లే వాడుకోండి. వాటిని కూడా శుద్ధి చేయాలంటే ఇక్కడ చెప్పబోయే పద్ధతుల్లో ఏదీ ఇంటి స్థాయిలో గిట్టుబాటు కాదు.

నీళ్లలో ఏముంది. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎన్నో చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత అన్నది చెప్పదు. మీటరు 400 చూపించిన నీళ్లలోనూ ఫ్లోరైడ్ హద్దు దాటి ఉండవచ్చు. కాబట్టి ఒక శుభ్రమైన సీసాలో నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు మొత్తం లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు లేనప్పుడు 2,000 వరకు సహించవచ్చు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 1.5. నైట్రేట్ 45, దానికి సడలింపు లేదు.

ఫ్లోరైడ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతికి నల్గొండ పేరే స్థిరపడింది. అయినా నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. పోదు సరికదా, కాచినకొద్దీ నీళ్లు ఇగిరి లీటరుకు ఫ్లోరైడ్ పెరుగుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ దీపం ఉన్న ఫిల్టరు క్రిముల వరకే. కరిగిన ఉప్పును, ఫ్లోరైడ్‌ను అవి ముట్టుకోవు. వంట నీళ్లు కూడా శుద్ధి చేసుకోవలసినవాటిలో లెక్కేయమన్నది ఇందుకే.

స్థలం. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు నీడ పడని చోటు కావాలి. ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరి చెట్టు నీడ శీతాకాలంలో ఎక్కడిదాకా సాగుతాయో చూసుకోండి.

చూసుకునే మనిషి. కొన్ని పరికరాలకు రోజూ ఐదు నిమిషాలు కావాలి, కొన్నిటికి ఏడాదికి రెండుసార్లు మెకానిక్ కావాలి. మీ ఊరికి మెకానిక్ వస్తాడా, మీ ఇంట్లో రోజూ మేడ ఎక్కేవాళ్లున్నారా? ఈ రెండు ప్రశ్నలకు నిజాయతీగా జవాబు చెప్పుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

మిగిలే నీళ్లు. ఏ పద్ధతిలోనైనా ఉప్పు మాయమైపోదు, మిగిలిన నీళ్లలో చిక్కబడుతుంది. వాటిని ఎక్కడ పోస్తారో ముందే ఆలోచించాలి.

## ఒక్క లెక్క, అన్నిటికీ మూలం

లీటరు నీళ్లను ఆవిరి చేయడానికి సుమారు 0.65 యూనిట్ల వేడి కావాలి. యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. తెలుగు రాష్ట్రాల్లో ఏడాది సగటున చదరపు మీటరు మీద రోజుకు ఐదు, ఐదున్నర యూనిట్ల ఎండ పడుతుంది. అదంతా పట్టుకోగలిగితే ఎనిమిది లీటర్లు రావాలి. రావు. అద్దం కొంత వెనక్కి తిప్పికొడుతుంది. అడుగు నుంచి, పక్కల నుంచి కొంత వేడి జారిపోతుంది. బాగా కట్టిన పెట్టెలో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా దక్కుతుంది. అంటే చదరపు మీటరుకు రోజుకు రెండున్నర నుంచి మూడున్నర లీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో నాలుగు దాటవచ్చు. ముసురు పట్టిన రోజున అర లీటరు వచ్చినా గొప్పే.

ఇది నేటి మాట కాదు. 1872లో చిలీ ఎడారిలోని లాస్ సాలినాస్ గనుల దగ్గర చార్లెస్ విల్సన్ అనే ఇంజనీరు సుమారు 4,700 చదరపు మీటర్ల మేర చెక్క తొట్లు పేర్చి, వాటి మీద అద్దాలు బిగించి రోజుకు ఇరవై రెండు వేల లీటర్లకు పైగా మంచినీళ్లు తీశాడు. అవి గని పనులకు సరుకు మోసే కంచర గాడిదల దాహం తీర్చేవి. 1978లో గుజరాత్‌లో భావనగర్ దగ్గరి అవానియా గ్రామంలో సుమారు 1,870 చదరపు మీటర్ల సోలార్ స్టిల్స్ (ఇలాంటి అద్దాల పెట్టెలే) నిర్మించారు. దాని సామర్థ్యం రోజుకు 5,000 లీటర్లు. భాగించి చూడండి: చిలీ ఎడారి ఎండలో చదరపు మీటరుకు నాలుగున్నరకు మించి, గుజరాత్‌లో మూడుకు కాస్త తక్కువ. ఎవరైనా సాదా పెట్టెతో చదరపు మీటరుకు రోజూ పది లీటర్లు ఇప్పిస్తామంటే నమస్కారం పెట్టి పంపించేయండి. అంత వేడి అక్కడ పడదు.

ఆర్వో లెక్క వేరు. అది నీళ్లను ఆవిరి చేయదు, ఒత్తిడితో పొరలోంచి నెడుతుంది. ఇంట్లో వాడే యంత్రంలో పంపు 40 నుంచి 60 వాట్లు ఉంటుంది, గంటకు పది పన్నెండు లీటర్లు ఇస్తుంది. ఇరవై లీటర్ల క్యాను నింపడానికి యూనిట్‌లో పదో వంతు కరెంటు సరిపోతుంది. అదే క్యాను పెట్టెతో నింపాలంటే పదమూడు యూనిట్ల వేడి, అంటే ఏడు చదరపు మీటర్ల అద్దం. ఆర్వోకు వంద వాట్ల ప్యానెల్ ఒకటి చాలు, అది చదరపు మీటరు కూడా ఉండదు.

ఇంత తేడా ఉన్నప్పుడు పెట్టె గురించి మాట్లాడుకోవడం దేనికి? ఎందుకంటే పెట్టెలో పంపు లేదు, మార్చవలసిన పొర లేదు, బ్యాటరీ లేదు. సముద్రపు నీళ్లు పోసినా, ఫ్లోరైడ్ నీళ్లు పోసినా వచ్చేది ఒకే నీరు. అద్దం పగలనంత కాలం అది పనిచేస్తూనే ఉంటుంది. కొద్ది లీటర్లు చాలునన్నవాడికి ఇవి చిన్న లాభాలు కావు.

## సాదా అద్దాల పెట్టె

నల్లటి అడుగున్న లోతు తక్కువ తొట్టి, దాని మీద ఏటవాలుగా అద్దం, అద్దం దిగువ అంచున ఒక కాలువ, కాలువ చివర గొట్టం. పొద్దున తొమ్మిదింటికి అద్దం లోపలి వైపు మసకబారుతుంది. పదకొండుకల్లా ఆ మసక పోయి, నీరు పలుచటి పొరగా మారి కిందికి జారడం మొదలవుతుంది. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా ధార నిలకడగా ఉంటుంది. పొద్దుగుంకిన తర్వాత కూడా, అద్దం చల్లబడి తొట్టిలో వేడి మిగిలి ఉన్నంతసేపు బొట్లు పడుతూనే ఉంటాయి.

కట్టించుకునేవాళ్లు గమనించాల్సినవి ఇవి. తొట్టిలో నీళ్ల లోతు ఒకటి రెండు సెంటీమీటర్లు ఉంటే చాలు. ఎక్కువ పోస్తే మధ్యాహ్నం దాకా ఎండంతా నీళ్లను వేడెక్కించడానికే సరిపోతుంది. అద్దం వాలు మన దగ్గర 15 నుంచి 20 డిగ్రీలు, ముఖం దక్షిణానికి. వాలు మరీ తక్కువైతే బొట్లు అద్దం మీద జారకుండా మధ్యలోనే తొట్టిలోకి రాలిపోతాయి. నాలుగు మిల్లీమీటర్ల మామూలు అద్దం ప్లాస్టిక్ షీటు కన్నా మేలు. అద్దం మీద నీరు పొరగా పరుచుకుని జారుతుంది, ప్లాస్టిక్ మీద పూసలు కట్టి ఎండను అడ్డుకుంటుంది. తొట్టి మొత్తం సమంగా ఉందో లేదో మేస్త్రీ చేత రసమట్టం పెట్టించి చూడండి. ఒక మూల అర సెంటీమీటరు లేచినా ఆ వైపు అడుగు ఎండిపోయి తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. తెల్లబడిన అడుగు ఎండను తిప్పికొడుతుంది, దిగుబడి పడిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ పెట్టెలు పాడయ్యేది అతుకుల దగ్గర. అద్దం చుట్టూ పెట్టిన సిలికాన్ ఒక చోట వేలెడంత ఊడినా, ఆవిరి అక్కణ్నుంచి పోతూనే ఉంటుంది. తెల్లవారుజామున బయటి నుంచి చూస్తే ఆ చోట చెమ్మ కనిపిస్తుంది. నీళ్లు వచ్చే గొట్టం మూతికి సన్నటి జాలీ కట్టకపోతే చీమలు కాలువ దాకా వెళ్తాయి. అడుగుకు వేసే నల్ల రంగు విషయంలో పిసినారితనం వద్దు. మామూలు ఎనామిల్ వేస్తే నీళ్లకు వాసన వస్తుంది. తాగునీటికి పనికొచ్చే నల్లటి రబ్బరు షీటు గానీ, బాగా ఆరిన ఫైబర్ తొట్టి గానీ వాడాలి. మొదటి వారం పదిరోజుల నీళ్లు తాగకండి.

రోజూ వచ్చే నీళ్లకు రెట్టింపో, మూడు రెట్లో కొత్త నీళ్లు పోసి, మిగిలిన చిక్కటి ఉప్పునీళ్లను బయటికి పోనివ్వాలి. లేకపోతే నెల తిరిగేసరికి తొట్టిలో ఉప్పు గట్టిపడుతుంది. పెట్టె అంటే నీళ్ల వృథా ఉండదని కొందరు చెబుతారు, అది పూర్తిగా నిజం కాదు.

ఖర్చు సంగతి. పెట్టె ధర ఊరిని బట్టి, మేస్త్రీని బట్టి మారుతుంది కాబట్టి అంకె చెప్పను, లెక్క కట్టే పద్ధతి చెబుతాను. చదరపు మీటరుకు రోజుకు మూడు లీటర్లు, ఏడాదిలో 300 ఎండ రోజులు, పదేళ్ల ఆయుష్షు: మొత్తం 9,000 లీటర్లు. మీ మేస్త్రీ చెప్పిన ధరను దానితో భాగించండి. పదివేలంటే లీటరు రూపాయి పది పైసలు, క్యాను ఇరవై రెండు రూపాయలు. మీ వీధిలో క్యాను పది రూపాయలకే నమ్మకంగా దొరుకుతుంటే డబ్బు పరంగా పెట్టె గెలవదు.

## గుడ్డ రకం, మెట్ల రకం

పెట్టెలో నీళ్లు ఎంత పలుచగా ఉంటే అంత త్వరగా వేడెక్కుతాయి. ఆ సూత్రాన్ని పట్టుకుని చేసినవే ఇవి. గుడ్డ రకంలో వాలుగా పరిచిన నల్లటి గుడ్డ మీదుగా నీళ్లు మెల్లగా జారుతాయి. మెట్ల రకంలో చిన్న చిన్న తొట్లు మెట్లుగా పేర్చి ఉంటాయి, ప్రతి మెట్టులో కొద్ది నీళ్లే నిలుస్తాయి. సాదా పెట్టె కన్నా నాలుగో వంతు దాకా ఎక్కువ రాబట్టవచ్చు. కానీ గుడ్డ రకంలో నీళ్ల ధార కాసేపు ఆగితే గుడ్డ ఎండి ఉప్పు పట్టి బిరుసెక్కుతుంది. మళ్లీ తడిపినా మునుపటిలా నీరు పీల్చదు. రోజంతా కనిపెట్టి ఉండే మనిషి లేని ఇంటికి గుడ్డ రకం వద్దు. మెట్ల రకం ఫర్వాలేదు, కాకపోతే మట్టం ఇంకా కచ్చితంగా ఉండాలి.

## గాజు గొట్టాలు జోడించిన పెట్టె

మేడల మీద సోలార్ హీటర్లకు ఉండే గాజు గొట్టాలను పెట్టెకు కలిపితే తొట్టిలో నీళ్లు మరింత వేడెక్కి దిగుబడి పెరుగుతుంది. రెట్టింపయిన సందర్భాలూ ఉన్నాయి. అయితే ఆ గొట్టాలు ఆక్రమించిన స్థలాన్ని కూడా లెక్కలో వేస్తే చదరపు మీటరుకు లాభం చాలా వరకు కరిగిపోతుంది. పైగా మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. హీటరులో పేరుకునే తెల్లటి పెంకు గురించి సోలార్ హీటరు వాడిన ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. ఉప్పునీళ్లతో అది ఇంకా త్వరగా పేరుకుంటుంది. ఇంటికి నేను దీన్ని సిఫారసు చేయను.

## వేడిని మళ్లీ మళ్లీ వాడే రకం

ఆవిరి నీరుగా మారేటప్పుడు తాను మోసుకొచ్చిన వేడినంతా అద్దానికి ఇచ్చేస్తుంది, అది గాలిలో కలిసిపోతుంది. ఆ వేడిని పట్టుకుని తర్వాతి అంతస్తులోని నీళ్లను ఆవిరి చేస్తే? 2020లో అమెరికాలోని ఎంఐటీ, చైనాలోని షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పది అంతస్తుల చిన్న పరికరంతో చదరపు మీటరుకు గంటకు 5.78 లీటర్ల చొప్పున నీళ్లు తీసి చూపారు. సాదా పెట్టె రోజంతా ఇచ్చేదానికన్నా అది ఎక్కువ. దారి ఇదేనని నాకూ అనిపిస్తుంది. కానీ ప్రయోగశాలలో పనిచేసిన చిన్న నమూనాకు, మీ మేడ మీద పదేళ్లు నిలిచే పరికరానికి మధ్య చాలా దూరం ఉంది. దీనికోసం ఎదురుచూస్తూ ఇవాళ్టి నిర్ణయాన్ని వాయిదా వేయకండి.

## సోలార్ ప్యానెల్, ఆర్వో

ఆర్వో అంటే అందరికీ తెలిసిందే కాబట్టి ఎండతో నడపడంలో వచ్చే తేడాలు మాత్రం చెబుతాను.

ఇంటి ఆర్వో యంత్రాల్లో మామూలు రకాలు టీడీఎస్ 2,000 వరకే పనిచేసేలా తయారవుతాయి. దివిసీమలోనో, సముద్రానికి దగ్గరి ఊళ్లలోనో బోరు 4,000 చూపిస్తుంటే ఆ యంత్రం పొర ఏడాదిలోపే చేతులెత్తేస్తుంది. అలాంటి చోట ఉప్పునీటికి ప్రత్యేకంగా చేసిన పొర, ఎక్కువ ఒత్తిడి పంపు కావాలి. అవి ఇంటికన్నా వీధికో, ఊరికో నప్పుతాయి. ఫ్లోరైడ్ విషయంలో మంచి పొర 90 శాతానికి పైగా ఆపుతుంది. కానీ పొర పాతబడ్డాక ఆ శాతం పడిపోతుంది, నాలుకకు తెలియదు. యంత్రం నుంచి వచ్చే నీళ్లకు కూడా ఏడాదికోసారి ఫ్లోరైడ్ పరీక్ష చేయించాలి.

వృథా ఎక్కువ. ఇంటి యంత్రం ఇరవై లీటర్లు ఇవ్వడానికి నలభై నుంచి అరవై లీటర్లు బయటికి వదిలేస్తుంది. బోరే ఎండిపోతున్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఆ నీళ్లతో గచ్చు కడగవచ్చు, మరుగుదొడ్డిలో పోయవచ్చు. ఫ్లోరైడ్ ఊళ్లో గేదెల కుడితిలో మాత్రం పోయకండి, పశువులకూ ఫ్లోరోసిస్ వస్తుంది.

ఇంటి మీద ఇప్పటికే పీఎం సూర్యఘర్ రాయితీతో ప్యానెళ్లు పెట్టించుకుని ఉంటే ఆర్వోకు వేరే ప్యానెల్ అక్కర్లేదు, ఆ కరెంటు లెక్కలోకే రాదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: గ్రిడ్‌కు కలిపిన ప్యానెళ్లు కరెంటు పోతే ఆగిపోతాయి. రోజులో రెండు గంటలు కరెంటు ఉన్నా క్యాను నిండుతుంది కాబట్టి చాలా ఇళ్లకు ఇది అడ్డంకి కాదు. కరెంటే లేని చోట 24 వోల్టుల పంపుకు ప్యానెల్, చిన్న బ్యాటరీ, చార్జ్ కంట్రోలర్ పెట్టుకోవాలి.

టీడీఎస్ 500 లోపే ఉండి, ఫ్లోరైడ్, నైట్రేట్ హద్దులో ఉంటే ఆర్వోతో గానీ పెట్టెతో గానీ పనిలేదు. అలాంటి చోట ఆర్వో వాడకాన్ని నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది.

## చిన్నవి, చేతిలో పట్టేవి

ప్లాస్టిక్ శంకువులు, గాలి ఊదే బుడగలు రోజుకు లీటరు, లీటరున్నర ఇస్తాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మరియా టెల్కెస్ సముద్రంలో చిక్కుకున్న సైనికుల కోసం తెప్పకు కట్టుకునే బుడగ స్టిల్‌ను తయారుచేసింది, ఆ జాతివే ఇవన్నీ. పడవలో అత్యవసరానికి పనికొస్తాయి. ఇంటికి కాదు. నేలలో గొయ్యి తీసి పైన ప్లాస్టిక్ షీటు కప్పే పద్ధతి పిల్లల సైన్సు ప్రాజెక్టుకు బాగుంటుంది, అంతే.

## అడగకపోయినా చెప్పవలసినది: వాన

ఇది స్వేదనం (నీళ్లను ఆవిరి చేసి మళ్లీ నీరుగా పట్టడం) కాదు, అయినా దీన్ని పోలికలో చేర్చకపోతే మోసం చేసినట్టే. సముద్రపు నీళ్లను ఎండే ఆవిరి చేసి మన ఇంటి కప్పు మీద పోస్తోంది. యాభై చదరపు మీటర్ల కాంక్రీటు కప్పు, ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన అనుకుంటే, వృథా పోగా ముప్ఫై ఆరు వేల లీటర్లు పట్టుకోవచ్చు. రోజుకో క్యాను చొప్పున తీసుకున్నా ఏడాదికి కావలసింది 7,300 లీటర్లే. అనంతపురంలో వాన ఇందులో అరవై శాతం ఉంటుంది, అక్కడా లెక్క సరిపోతుంది.

అడ్డంకి తొట్టి. వానలు జూన్ నుంచి నవంబరు దాకా, అవసరం మే దాకా. అంటే కనీసం ఐదారు వేల లీటర్ల మూసి ఉన్న తొట్టి, మొదటి వాన నీళ్లను బయటికి వదిలే ఏర్పాటు, ఇసుక, బొగ్గు ఉన్న వడపోత, తాగేముందు కాచడం. ఇల్లు కట్టబోతున్నవాళ్లు పునాది దశలోనే ఈ తొట్టి గురించి ఆలోచిస్తే పెట్టె, ప్యానెల్ రెండింటి గొడవా తప్పుతుంది. కట్టేసిన ఇంటికి మాత్రం ఖర్చు బాగా పెరుగుతుంది.

పెట్టె పెట్టినవాళ్లకు ఒక కిటుకు: పెట్టె అద్దం దిగువన బయటి వైపు కూడా ఒక కాలువ పెడితే ఎండ లేని రోజుల్లో వాన నీళ్లు దక్కుతాయి. పెట్టె పనిచేయని రోజులూ వాన పడే రోజులూ చాలావరకు ఒకటే కదా.

## ఒక్క చూపులో

| | సాదా పెట్టె | మెట్ల రకం | గొట్టాల రకం | ప్యానెల్, ఆర్వో | వాన తొట్టి |
|---|---|---|---|---|---|
| 20 లీటర్లకు కావలసిన చోటు | 7 చ.మీ. | 5 నుంచి 6 చ.మీ. | గొట్టాలతో కలిపి దాదాపు అంతే | 1 చ.మీ. లోపు | ఇంటి కప్పు, తొట్టి |
| సముద్రపు నీళ్లు | పనిచేస్తుంది | పనిచేస్తుంది | పెంకు కడుతుంది | ఇంటి యంత్రంతో కుదరదు | వర్తించదు |
| ఫ్లోరైడ్ | దాదాపు పూర్తిగా పోతుంది | అంతే | అంతే | పొర బాగున్నంత కాలం | సమస్య ఉండదు |
| రోజువారీ పని | నీళ్లు పోయడం, వదలడం | కొంచెం ఎక్కువ | ఎక్కువ | లేదు | తాగే నీళ్లు కాచడం |
| మెకానిక్ | అక్కర్లేదు | అరుదుగా | కావాలి | తప్పదు | అక్కర్లేదు |
| ముసురు రోజుల్లో | ఆగిపోతుంది | ఆగిపోతుంది | బాగా తగ్గుతుంది | కరెంటు ఉంటే నడుస్తుంది | అప్పుడే నిండుతుంది |

## ఎవరికి ఏది

ఫ్లోరైడ్ ఊరిలో ఇల్లు. ముందు నది నీళ్ల కుళాయి ఉందేమో చూడండి. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్లు వస్తున్న ఇంట్లో బోరు నీళ్లను శుద్ధి చేసుకుని తాగడం అనవసర శ్రమ. తాగడానికీ వంటకూ ఆ కుళాయి నీళ్లే పట్టుకోండి. అవి రాని శివారు ఇళ్లకు, మెకానిక్ దొరికితే ఆర్వో, దొరకకపోతే తాగడానికి మాత్రమే సరిపడే నాలుగు చదరపు మీటర్ల పెట్టె. చిన్న పిల్లలున్న ఇంట్లో ఆ నీళ్లు ముందు వాళ్లకు దక్కాలి, ఎదిగే వయసులోనే ఫ్లోరైడ్ పళ్లకు, ఎముకలకు ఎక్కువ చేటు చేస్తుంది.

డెల్టా చివర, ఉప్పు మాత్రమే సమస్య. ఫ్లోరైడ్, నైట్రేట్ లేవని పరీక్షలో తేలితే ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. పెట్టె నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, రుచి చప్పగా ఉంటుంది. టీడీఎస్ 1,500 ఉన్న బోరు నీళ్లను కాచి చల్లార్చి, నాలుగు పాళ్ల పెట్టె నీళ్లకు ఒక పాలు కలిపితే 300 దగ్గర నిలుస్తుంది. రుచీ వస్తుంది, ఉన్న పెట్టెతో నాలుగో వంతు ఎక్కువ నీళ్లూ వస్తాయి. ఫ్లోరైడ్ ఊళ్లో మాత్రం ఈ కలపడం కంటి కొలతతో చేయకండి.

చేపల, రొయ్యల చెరువుల పక్కన ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. స్వేదనం ఉప్పును, లోహాలను, క్రిములను వెనక వదిలేస్తుంది. కానీ ఆవిరయ్యే గుణం ఉన్నవాటిని ఆపలేదు. అమోనియా, కొన్ని పురుగుమందుల అవశేషాలు, డీజిల్ వాసన నీటితో పాటే పైకి వచ్చి అద్దం మీద చేరవచ్చు. నీళ్లు వాసన వేస్తుంటే బొగ్గు వడపోత తప్పనిసరి. అది పెట్టినా వాసన పోకపోతే ఆ బోరును వదిలేయండి.

చెరువు గట్టు మీద కాపలా పాక, ఉప్పు మళ్ల దగ్గరి షెడ్డు. ఇద్దరు ముగ్గురు మనుషులు, కరెంటు లేదు, నీళ్లు చాలా ఉప్పన, చోటుకు కొదవ లేదు. సాదా పెట్టె పుట్టింది ఇలాంటి చోటికే. రెండు చదరపు మీటర్లవి రెండు విడివిడిగా పెట్టండి, ఒకటి పగిలినా రెండోది ఉంటుంది.

పాఠశాల, హాస్టలు. నూరు మంది పిల్లలకు తాగునీళ్లకే మూడు వందల లీటర్లు కావాలి. పెట్టెతో అయితే వంద చదరపు మీటర్ల అద్దం, దాన్ని కడిగే మనిషి. కుదిరే పని కాదు. ప్యానెళ్లతో నడిచే పెద్ద ఆర్వో, వదిలేసే నీళ్లు మరుగుదొడ్లకు వెళ్లే ఏర్పాటు, సంవత్సర నిర్వహణ ఒప్పందం: ఈ మూడూ కలిపి అడగండి. ఒప్పందం లేకుండా యంత్రం మాత్రమే దానం చేసే దాత వస్తే, ఆ డబ్బును వాన తొట్టికి ఇవ్వమని అడగడమే మంచిది.

బ్యాటరీ దుకాణం, ఇన్వర్టర్లు ఉన్న ఇల్లు, కాలేజీ ప్రయోగశాల. ఆర్వో కన్నా పెట్టె నిస్సందేహంగా గెలిచే చోటు ఇది. ఆర్వో నీళ్లలో ఎంత కాదన్నా కొంత ఉప్పు మిగులుతుంది, బ్యాటరీకి అది పనికిరాదు. మండల కేంద్రంలో బ్యాటరీలు బాగుచేసే దుకాణానికి రెండు చదరపు మీటర్ల పెట్టె రోజుకు ఒక ఐదు లీటర్ల డబ్బా నింపుతుంది, డబ్బాలు కొనే ఖర్చుతో పోల్చితే త్వరగానే డబ్బు తిరిగొస్తుంది. కాకపోతే ఇక్కడ కాలువ, గొట్టం ఇనుపవి, జింకు పూతవి ఉండకూడదు. గాజు గానీ, స్టెయిన్‌లెస్ స్టీలు గానీ, మంచి ప్లాస్టిక్ గానీ వాడాలి. ప్రతి డబ్బా నింపేముందు టీడీఎస్ మీటరు ముంచి చూడండి. పది దాటి చూపించిన రోజున తొట్టిలోని నీళ్లు కాలువలోకి చిందుతున్నాయని అర్థం. ఆ నీళ్లు ఇస్త్రీ పెట్టెకు వాడుకోండి, బ్యాటరీలో మాత్రం పోయకండి.